లూపులో బేస్ ఆఖర్న

లూపర్ (వాయించింది రికార్డు చేసి, తిప్పి తిప్పి వినిపించే పెడల్) కొత్తగా చేతికొచ్చిన బేస్ గిటార్ ప్లేయర్లు మొదటి సాయంత్రం దాదాపు ఒకే పని చేస్తారు. మందపాటి తీగ మీద మంచి గ్రూవ్ ఒకటి వాయించి పెడల్ తొక్కుతారు. అది తిరుగుతుంటే దాని మీద ఇంకో లైను, ఆపైన మరొకటి. మూడో పొర పడేసరికి గదిలో గుంయ్‌మనే మోత తప్ప పాట వినపడదు. అప్పుడు అనుమానం పెడల్ మీదికి పోతుంది, తర్వాత యాంప్ మీదికి, ఆఖరికి కేబుల్ మీదికి. పాపం వాటి తప్పేమీ లేదు, వరసే తప్పు. ముందు కింది స్వరం, ఆపైన మిగతావి అని గిటారుకు చెప్పే పద్ధతిని బేస్‌కు అలాగే దించితే జరిగేది ఇదే. బేస్ లూపింగులో కింది స్వరం ఆఖర్న రావాలి. అసలు లూపులోకి రాకపోతే ఇంకా మంచిది. పైవన్నీ పెడల్‌కు అప్పగించి, కిందిది మన చేతిలో ఉంచుకోవాలి.

ముందు తీగల పేర్ల సంగతి. ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే 'ఈ తీగ' అంటే ఏ తీగో తెలియదు, 'ఏ తీగ' అంటే ప్రశ్నయిపోతుంది. అందుకని ఇక్కడ అంకెలే: సన్నది ఒకటో తీగ, అన్నిటికన్నా మందపాటిది నాలుగోది. మామూలు ట్యూనింగులో ఖాళీగా మీటితే నాలుగోది 41.2 హెర్ట్జ్, మూడోది 55, రెండోది 73.4, ఒకటోది 98. నాలుగు తీగలూ కలిపి ఒక స్థాయి (స నుంచి పై స దాకా), ఆపైన మూడు అరస్వరాలు. అంతే చోటు. అంత ఇరుకులో రెండు లైన్లు కదిలితే చెవి వాటిని విడదీయలేదు, ఒకటే మోతగా వింటుంది.

దీనికి గది తోడవుతుంది. మన వైపు ఇళ్లల్లో 10 అడుగులకు 14 అడుగుల గది మామూలే. కింద కడప బండలు, పైన స్లాబు, గోడలకు సిమెంటు పూత. గదిలో 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు ధ్వని సెకనుకు దాదాపు 352 మీటర్లు పోతుంది. 14 అడుగులంటే 4.27 మీటర్లు. గది ఏ స్వరానికి మోగుతుందో తెలియాలంటే 352ను దాని రెట్టింపుతో భాగించండి, 41 పైచిలుకు వస్తుంది. అది ఖాళీ నాలుగో తీగే. 10 అడుగుల వైపు లెక్కేస్తే 58కి దగ్గర, అంటే మూడో తీగ మొదటి ఫ్రెట్ (మెడ మీది మెట్టు). ఈ రెండు స్వరాలూ గోడ వార నిలబడితే మోగిపోతాయి, గది నడిమధ్యలో పలచబడిపోతాయి. గోడకు పరుపు ఆనిస్తే పై స్వరాల గలగల తగ్గుతుంది కానీ 41 హెర్ట్జ్‌కు అది దోమతెరతో సమానం. కాబట్టి ఇంట్లో తయారుచేసిన లూపులో కింది స్వరం ఎంత ఉందో ఆ గదిలో విని తేల్చకండి. ఆ పనికి హెడ్‌ఫోన్ మేలు.

ఇరుకు, మోత అన్నవి చిన్న కారణాలే. అసలు కారణం సంగీతంలో ఉంది. రెండు శ్రుతిలో, అంటే పడమటి స్వరం డీని షడ్జమంగా పెట్టుకుని, ఒకటో తీగ మీద మోహన రాగం తీసుకుందాం. స 7వ ఫ్రెట్, రి 9, గ 11, ప 14, ద 16. ఇవి 147 నుంచి 247 హెర్ట్జ్ మధ్య పడతాయి, కింది ఇరుకుకు దూరంగా ఉంటాయి. ఆది తాళం ఒక ఆవర్తనానికి (ఎనిమిది అక్షరాల ఒక చుట్టు) అక్షరానికొక స్వరం చొప్పున గ ప ద ప గ రి స రి వాయించి లూపు మూసేయండి. ఏ స్వరం మీదా ప్రత్యేకంగా ఒత్తు వేయొద్దు, ముఖ్యంగా స మీద. ఇప్పుడు కింద మూడో తీగ 5వ ఫ్రెట్ డీ పట్టండి, నాలుగు ఆవర్తనాలు. అది మోహనమే. తర్వాత ఖాళీ నాలుగో తీగ, అంటే రి పట్టండి. పైన తిరిగే స్వరాల్లో ఒక్కటీ మారలేదు, అయినా వినపడేది మధ్యమావతి. నాలుగో తీగ 2వ ఫ్రెట్ గ పడితే హిందోళం. ఖాళీ మూడో తీగ ప పడితే శుద్ధ సావేరి. మూడో తీగ 2వ ఫ్రెట్ ద పడితే ఉదయరవిచంద్రిక, కొందరు శుద్ధ ధన్యాసి అంటారు. గాయకులు ఆలాపనలో శ్రమపడి చేసే గ్రహభేదం ఇదే, ఇక్కడ ఎడమచేతి ఒక వేలి మీద నడుస్తుంది. ఆది తాళం 80 టెంపోలో ఆవర్తనం 6 సెకన్లు, ఒక్కో రాగానికి నాలుగు చొప్పున ఐదు రాగాలకు 2 నిమిషాలు. మొత్తం అంశానికి వెన్నెముక దొరికినట్టే.

అదే లూపులో మొదటి పొరగా కింది డీని పెట్టి ఉంటే? చెవి షడ్జమాన్ని అక్కడే మేకు కొట్టి ఉంచేస్తుంది. మీరు కింద ఏ స్వరం పట్టినా మోహనంలో ఇంకో స్వరంలా ఉంటుందే తప్ప రాగం మారదు. పడమటి పద్ధతిలో ఆలోచించేవాళ్లకూ ఇదే లెక్క: పైన డీ మేజర్ మూడు స్వరాలు తిరుగుతుంటే కింద బీ వేస్తే మైనర్ సెవెన్త్, జీ వేస్తే మేజర్ నైన్త్ రంగు. కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) పేరు నిర్ణయించేది కింది స్వరం. ఆ అధికారాన్ని పెడల్‌కు రాసిచ్చేస్తే ఇక మీకు మిగిలేది సోలో వాయించడమే.

ఇంకో మాట: లూపులోకి పోయే స్వరాలకు గమకం వేయకండి. మోహనంలో గాంధారాన్ని ఊపితే మొదటిసారి బాగుంటుంది. అదే ఊపు, అదే కొలతతో 6 సెకన్లకోసారి 20 సార్లు వినండి, పాడైన రికార్డులా ఉంటుంది. లూపులో చట్రం మాత్రం పెట్టి, గమకం చేత్తో వాయించేదానికి దాచుకోండి.

తంబూరా లూపుది వేరే లెక్క, అక్కడ షడ్జమం కదలకూడదు. రెండు శ్రుతికే బేస్‌లో ఇది చక్కగా కుదురుతుంది. మూడో తీగ 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగను అదమకుండా తాకి మీటితే వచ్చే పై స్వరం) ప (110), రెండో తీగ 12వ ఫ్రెట్ హార్మోనిక్ స (147), ఒకటో తీగ 7వ ఫ్రెట్ హార్మోనిక్ పై స (294), చివర ఖాళీ రెండో తీగ మంద్ర స (73.4). ప, స, స, మంద్ర స. తంబూరా మీటే వరసే, కాకపోతే మధ్యలో ఒక స ఒక స్థాయి పైకి పోయింది. ట్యూనర్ పచ్చగా చూపినా ఇక్కడ ఒక చిక్కుంటుంది. ఒకటో తీగ 7వ ఫ్రెట్ హార్మోనిక్, రెండో తీగ 5వ ఫ్రెట్ హార్మోనిక్ రెండూ ఒకే స్వరం కావాలి, కానీ ట్యూనర్ లెక్కలో 0.3 హెర్ట్జ్ తేడా ఉంటుంది. రెండూ కలిపి మోగిస్తే మూడు సెకన్లకోసారి అలలా ఉబ్బి తగ్గుతుంది. మామూలు పాటలో ఎవరికీ పట్టదు. తంబూరా లూపులో మాత్రం పడుతుంది. ఒకటో తీగను వెంట్రుకవాసి దించి ఆ అల ఆగేదాకా సరిచేయండి, ఫ్రెట్ల మీద స్వరాలకు వచ్చే నష్టం లేదు.

మెమరీ ఎన్ని నిమిషాలన్నది కొనేటప్పుడు చాలామంది మొదట అడిగే ప్రశ్న. డిట్టోలో 5 నిమిషాలు, బాస్ ఆర్‌సీ-1లో 12 నిమిషాలు ఉంటుంది. మనకు కావాల్సింది మహా అయితే అర నిమిషం. అడగాల్సింది ట్రాకులు ఎన్ని అని. ఒకే ట్రాకున్న పెడల్లో మొదటి పొర పొడుగే చివరిదాకా చట్టం. ఒక ఆవర్తనం రికార్డు చేసి మూసేశాక, నాలుగు ఆవర్తనాల రాగం దాని మీద పట్టదు, తిరిగొచ్చి తన మీద తానే పడుతుంది. కాబట్టి పాటలో అన్నిటికన్నా పొడుగైన పొర ఏదో ముందే తేల్చుకుని, అంత పొడుగు మొదటే రికార్డు చేయాలి. మొదటి పొర చిన్న ముక్కే అయితే దాన్ని నాలుగుసార్లు వాయించి మూయండి. ఏడు అక్షరాల మిశ్రచాపు మీద ఎనిమిది అక్షరాల నడక వేసి రెండూ సమానికి (తాళం మొదటి దెబ్బకు) కలిసే తమాషా కావాలంటే 56 అక్షరాలు పట్టాలి, నిమిషానికి 160 అక్షరాల వేగంలో 21 సెకన్లు. లెక్క తప్పకుండా ఎనిమిదిసార్లు ఏడు వాయించాలి, నోటితో తకిట తకధిమి అంటూ వాయించడం తప్ప వేరే దారి లేదు.

కాలిది పెద్ద సంగతి, ఇక్కడ తొందరపడొద్దు. రోజుకు పది నిమిషాలు, రాగం ఏమీ వద్దు. మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు వేసే సాధనం) 60లో పెట్టి, అరచేత్తో తీగలు మూసి నాలుగు టక్కులు వాయించి లూపు మూసేయండి. తర్వాత చేతులు కట్టుకుని లూపునూ మెట్రోనోమునూ 2 నిమిషాలు కలిపి వినండి. లూపు 4 సెకన్లది, 2 నిమిషాల్లో 30 సార్లు తిరుగుతుంది. మూసేటప్పుడు 20 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, అది చెవికి తెలిసేంత కాదు, కానీ 30 తిరుగుళ్లకు 600 మిల్లీసెకన్లు, సగం బీటుకు పైనే. లూపు వెనకబడుతుంటే ఆలస్యంగా మూశారన్నమాట, ముందుకు పరుగెత్తుతుంటే తొందరగా మూశారు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసేది మొదటిదే, చివరి స్వరం మీద చేయి తీరిక లేకుండా ఉంటుంది కాబట్టి కాలు దానికోసం ఆగుతుంది. మందు ఒకటే, చివరి అక్షరం ఖాళీగా వదలండి. చివరి అక్షరానికి మడమ నేలకు ఆనించి మునివేళ్లు లేపి ఉంచి, సమానికి దించండి. బూట్లతో ఈ కొలత తెలియదు. ఉత్తకాలితోగానీ పలచటి చెప్పుతోగానీ చేయండి. పెడల్ కింద జంఖానా గానీ రబ్బరు పట్టా గానీ వేయడం మరిచిపోవద్దు, నున్నటి బండ మీద పెడల్ జారిపోతుంది, జారిందంటే కాలి కొలత మొత్తం పోయినట్టే.

అతుకు దగ్గర టప్‌మనే చప్పుడు ఇంకో ఇబ్బంది. రికార్డు మొదలైన క్షణానికి ముందు మోగుతున్న స్వరం తోక లూపు మొదట్లో ఉండదు, చివర్లో మోగుతున్నది మాత్రం కత్తిరించినట్టు ఆగిపోతుంది. దీనికి మంచి ఉపాయం, మొదటి ఆవర్తనం ఊరికే వాయించి, రెండో ఆవర్తనం సమం దగ్గర తొక్కడం. ముందు ఆవర్తనం తోక అప్పుడు రికార్డు మొదట్లో పడుతుంది, అతుకు కనపడదు. పెడల్ రెండో తొక్కుకే ఓవర్‌డబ్‌లోకి (పాతదాని మీద కొత్త పొర రికార్డు చేయడంలోకి) పోయే రకమైతే, నేరుగా ప్లేకి పోయే సెట్టింగు ఉందేమో చూసి అది పెట్టుకోండి. లేకపోతే మీరు వద్దనుకున్న తోకలు, హమ్ (కరెంటు మోత) కూడా సమం మీద పేరుకుంటాయి.

పెడళ్ల వరసలో లూపర్‌కు ముందు కంప్రెసర్ (మోత హెచ్చుతగ్గులను సరిచేసేది), ఈక్యూ (కింది, పై స్వరాల మోతాదు మార్చేది) ఉండాలి. కంప్రెసర్ 3:1 దగ్గర, అటాక్ (అది పట్టే వేగం) కాస్త నెమ్మదిగా ఉంటే పొరలన్నీ ఒక ఎత్తులో కూర్చుంటాయి. ఈక్యూ పెడల్ ఉన్నది ఒక్క పనికి: పై పొరలు రికార్డు చేసేటప్పుడు 100 హెర్ట్జ్ కింద కోసేయడానికి. కింది స్వరం చేత్తో వాయించేటప్పుడు దాన్ని కాలితో ఆపేయాలి. రివర్బ్ (ప్రతిధ్వని పెడల్) లూపర్ తర్వాత పెట్టండి, లూపు ఆపినా తోక సహజంగా ఆరుతుంది. డిస్టార్షన్ (ధ్వనిని గరుకు చేసే పెడల్) మాత్రం లూపర్ తర్వాత పెట్టకూడదు, పొరలన్నిటినీ కలిపి నలిపేసి పిండి చేస్తుంది. లూపు వాల్యూమ్ పూర్తిగా పెట్టకుండా ముప్పాతిక దగ్గర ఉంచితే చేత్తో వాయించేది పైకి తేలుతుంది.

పొర పెరిగేకొద్దీ బుస కూడా పెరుగుతుంది. ఒకే మోతాదు బుసతో ఆరు పొరలు వేస్తే అది దాదాపు 8 డెసిబెల్స్ పైకి లేస్తుంది. హమ్ అంతకన్నా మొండిది. మన కరెంటు 50 హెర్ట్జ్, అది నాలుగో తీగ 3వ ఫ్రెట్‌కూ (49) 4వ ఫ్రెట్‌కూ (51.9) నడుమ పడుతుంది, అంటే ఏ స్వరానికీ చెందని అపశ్రుతి అడుగున మోగుతూ ఉంటుంది. ఓవర్‌డబ్‌లో మీ వంతు అయిపోగానే గిటారు వాల్యూమ్ సున్నాకు తిప్పేయడం అలవాటు చేసుకోండి. పొరకొకసారి చేసే ఆ చిన్న పని నాయిస్ గేట్ (బుసను ఆపే పెడల్) కన్నా మేలు.

కరెంటు విషయంలో మన ఫంక్షన్ హాళ్లను నమ్మి లూపు పెట్టడం సాహసమే. జనరేటర్‌కు మారే క్షణంలో పెడల్ ఆరి వెలుగుతుంది, సేవ్ చేయని లూపు చాలా పెడళ్లలో అక్కడితో సరి. పెడళ్లకు కావాల్సిన కరెంటు ఎంత? డిజిటల్ లూపర్ 100 నుంచి 200 మిల్లీయాంప్స్ లాగుతుంది. అన్నీ కలిపినా అర యాంపు, 9 వోల్టుల దగ్గర 4.5 వాట్లు. వైఫై రౌటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ సరిపోతుందని అందరికీ తడుతుంది, నిజమే, కానీ రెండు గండాలున్నాయి. ఒకటి, 9 వోల్టుల వైరుకు బదులు దాని 12 వోల్టుల వైరు పొరపాటున పెడల్‌కు గుచ్చితే పెడల్ పోవచ్చు. రెండు, రౌటర్ పిన్నులో మామూలుగా నడిమి భాగం పాజిటివ్, గిటారు పెడళ్లలో నడిమి భాగం నెగెటివ్. తిరగేసే వైరు వేసి, మల్టీమీటర్‌తో చూసి, టేపు మీద రాసి అతికించాకే గుచ్చండి. లూపర్‌కు విడి వైరు ఉండాలి, మిగతా పెడళ్లతో ఒకే గొలుసులో కలిపితే సన్నటి కీచు వినిపిస్తుంది. హమ్ వస్తే డీఐ బాక్సులో (గిటారును మిక్సర్‌కు కలిపే పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి, యాంపూ పెడళ్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి. ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా కోయొద్దు. తీగల మీద చేయి, మైకుకు పెదవి తగిలినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

సౌండ్ సిస్టమ్ అబ్బాయితో ముందే ఒక మాట చెప్పాలి: "అన్నా, లూపూ చేత్తో వాయించేదీ ఒకే వైర్లో వస్తాయి, మధ్యలో ఫేడర్ కదిలించొద్దు. 40 కింద కోసేయ్, బేస్ నాబ్ పెంచొద్దు." బేస్ గిటార్ అని వినగానే సబ్‌ఊఫర్ పెంచడం ఆయన అలవాటు, ఆయన్ను తప్పుపట్టలేం. బయట స్టేజీ అయితే గిటారును పావుగంట అక్కడే ఉంచి ఆ తర్వాత ట్యూన్ చేయండి. ఏసీ కారులోంచి దించి ఎండలో పెడితే తీగలు సాగి శ్రుతి దిగుతుంది. మామూలు పాటలో సరిచేసుకుంటూ పోవచ్చు. లూపు మాత్రం రికార్డయిన శ్రుతిలోనే మోగుతుంది, మీరు దాని కింద దిగిపోతూ ఉంటారు.

తాళానికి డ్రమ్ మెషీన్ అక్కర్లేదు. చెక్కభజన టక్కు కావాలంటే ఒకటో తీగను మూసి, ఫ్రెట్‌బోర్డు చివర వేలితో పైకి లాగి వదలండి. అనంతపురం ఉరుముల వాద్యంలో ఒక వైపు పుల్లతో రాసి తీసే మూలుగు ఉంటుంది కదా, దానికి దగ్గరిది నాలుగో తీగ మీద దొరుకుతుంది. తీగ చుట్టు మీద బొటనవేలి మెత్తని భాగాన్ని అదిమి, బ్రిడ్జి వైపు నుంచి మెడ వైపు నెమ్మదిగా లాగాలి. తీగ నున్నటి రకమైతే రాదు, గరుకు చుట్టు ఉండాలి. ఈ రెండూ 100 కింద కోసేసి పెట్టినా చెడవు.

రెండు లూపర్లు వరసగా పెడితే పని సులువవుతుందనుకుంటారు. మొదటిది మోగుతుండగా రెండోదాంట్లో రికార్డు చేస్తే, మొదటిదాని మోత కూడా రెండోదాంట్లోకి దిగిపోతుంది. తర్వాత మొదటిది ఆపినా అది ఆగదు, ఆపకపోతే రెండింతలవుతుంది. విడిగా కలిపే చిన్న మిక్సర్ లేకపోతే ఒక్క లూపరే నయం. చరణం వేరుగా కావాలంటే లూపు ఆపి ఎనిమిది ఆవర్తనాలు ఉత్త చేత్తో కార్డులు వాయించి, మళ్లీ సమానికి లూపు మొదలుపెట్టండి. ఆ నిశ్శబ్దం తర్వాత లూపు తిరిగొస్తే వినేవాళ్లకు కొత్తగా ఉంటుంది. అమెరికా బేస్ కళాకారుడు జాకో పాస్టోరియస్ 1970ల చివర్లో ఎంఎక్స్ఆర్ కంపెనీ డిజిటల్ డిలే (ప్రతిధ్వని యంత్రం)తో స్టేజీ మీద ఇలాంటి పనే చేశారు. చిన్న ముక్క తిరుగుతుంటే దాని మీద చేత్తో సోలో. ఇప్పటి పెడళ్లతో పోలిస్తే ఆయన చేతిలో ఉన్న మెమరీ చాలా తక్కువ.

అన్ని అంశాల్లోనూ పొరపొరగా కట్టి చూపించొద్దు, రెండోసారికే జనం ముందే ఊహిస్తారు. 25 నిమిషాల కచేరీకి నాలుగు అంశాలు చాలు: ఒకటి గ్రహభేదం, ఒకటి తంబూరా మీద ఆలాపన, ఒకటి టక్కుల మీద నడక, ఒకటి లూపు లేకుండా ఉత్త బేస్. ఏ అంశంలోనూ కట్టడం అర నిమిషం దాటకూడదు.

ఆపడం కూడా ముందే సాధన చేయాలి. చాలా పెడళ్లలో రెండుసార్లు వెంటవెంటనే తొక్కితే ఆగుతుంది, అందులో మొదటి తొక్కుకు ఓవర్‌డబ్ తెరుచుకుని ఆ క్షణం చేతి కింద ఏముంటే అది లోపలికి పోతుంది. తొక్కే ముందు రెండు అరచేతులూ తీగల మీద ఆనించాలి. మెల్లగా ఆర్పాలంటే లూపర్ తర్వాత వాల్యూమ్ పెడల్ ఒకటి పెట్టుకుని మడమతో వెనక్కి వంచండి. ఆ కాసేపు చేత్తో ఏమీ వాయించొద్దు, లూపుతోపాటు అదీ ఆరిపోతుంది.